యూఎక్స్ (యూజర్ అనుభవం) డిజైన్‌కి నిజంగా పనికొచ్చే పుస్తకాలు ఏవి? ఏ ఎడిషన్, ఏ వరుసలో?

ట్యాబ్‌కీ (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఫ్రంటెండ్ కోడ్ రాయడం వచ్చు, స్క్రీన్లు గీసే ఫిగ్మా వాడటం వచ్చు. ఏ స్క్రీన్ ఎందుకు అలా ఉండాలో కారణం చెప్పడమే రాదు. మీటింగులో "ఇది బాగుంది, అది బాలేదు" అనడం తప్ప ఇంకో మాట పెగలదు. అందుకే పుస్తకాలు పట్టుకుందామనుకుంటున్నాను.

ఎక్కడ వెతికినా "తప్పక చదవాల్సిన 50 పుస్తకాలు" అనే జాబితాలే. అన్నిట్లోనూ అవే అట్టలు, అవే రెండు వాక్యాల పొగడ్తలు. జాబితా రాసినవాళ్లు ఆ పుస్తకాలు చదివారా అన్నది కూడా అనుమానమే.

రోజుకో గంట చొప్పున మూడు నెలలు కేటాయించగలను. చేతిలో ఉన్న పని ఇదీ: 34 ఫీల్డులున్న రిజిస్ట్రేషన్ ఫారం, నాలుగు అంచెల లోతున్న మెనూ, వచ్చే నెల నుంచి యూజర్లతో మాట్లాడటం. ముందు ఏది చదవాలి? 2000కి అటూ ఇటూ వచ్చిన పాత పుస్తకాలు ఇప్పటికీ పనికొస్తాయా? కొనేముందు పుస్తకంలో సరుకుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

---

పెన్సిల్‌ముల్లు

50 అక్కర్లేదండి, మూడు నెలల్లో ఐదు చదివితే ఎక్కువే. అవి కూడా మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవక్కర్లేదు.

మొదట డాన్ నార్మన్ రాసిన "ద డిజైన్ ఆఫ్ ఎవ్రీడే థింగ్స్". 1988లో వేరే పేరుతో వచ్చింది. మీరు మాత్రం 2013 నాటి సవరించిన ఎడిషనే తీసుకోండి. పాత ఎడిషన్‌లోని "అఫర్డెన్స్" అన్న మాటను డిజైనర్లు ఇష్టమొచ్చినట్టు వాడేసి గందరగోళం చేశారు. కొత్తదాంట్లో ఆయనే "సిగ్నిఫయర్" అనే మాట తెచ్చి దాన్ని విడదీశారు. ఒక వస్తువుతో మనిషి ఏం చేయగలడన్నది అఫర్డెన్స్, అలా చేయొచ్చని తెలియజేసే గుర్తు సిగ్నిఫయర్. టచ్ స్క్రీన్ మీద ఎక్కడైనా వేలితో జరపొచ్చు, కానీ జరపొచ్చని కనిపించదు. కార్డు అంచు సగం తెగినట్టు కుడివైపు కనిపిస్తోందనుకోండి, అది సిగ్నిఫయర్. ఈ తేడా ఒక్కటి పట్టుబడితే మీటింగులో మీకు మాట దొరికినట్టే.

మొత్తం ఏడు అధ్యాయాలు. మొదటి నాలుగూ ఓపిగ్గా చదవండి. ఐదోది, మనుషుల పొరపాట్ల గురించిన అధ్యాయం, రెండుసార్లు చదవండి. ఆరు, ఏడు తిరగేసినా చాలు.

ఐదోది ఎందుకంటే, అందులో పొరపాట్లను రెండు రకాలుగా విడదీస్తారు. మెయిల్ యాప్‌లో "ఆర్కైవ్", "డిలీట్" బొటన్లు పక్కపక్కనే ఉన్నాయనుకుందాం. ఆర్కైవ్ నొక్కబోయి వేలు జారి డిలీట్ మీద పడితే అది "స్లిప్". ఉద్దేశం సరైనదే, చెయ్యి తప్పింది. ఆర్కైవ్ అంటేనే తీసేయడం అనుకుని నొక్కితే అది "మిస్టేక్". చెయ్యి సరిగ్గానే చేసింది, ఉద్దేశమే తప్పు అవగాహన మీద పుట్టింది. మొదటిదానికి మందు: బొటన్ల మధ్య ఎడం పెంచడం, "వెనక్కి తీసుకో" ఇవ్వడం. రెండోదానికి ఎడం పెంచి లాభం లేదు, పేరు మార్చాలి. "నిజంగానే చేయమంటారా?" అని అడిగే డబ్బా రెండింటికీ పనికిరాదు. తనకు కావలసిందే చేశానన్న నమ్మకంతో ఉన్న మనిషి "అవును" కొట్టి ముందుకెళ్తాడు. చాలా టీముల్లో ఏ పొరపాటుకైనా ఆ డబ్బానే అతికిస్తారు, అదే చిక్కు.

రెండోది స్టీవ్ క్రుగ్ రాసిన "డోంట్ మేక్ మీ థింక్". 2000లో వచ్చింది, మూడో ఎడిషన్ 2014ది. రెండుసార్లు కూర్చుంటే అయిపోతుంది. అందులో ఒక పరీక్ష ఉంది, మీ మెనూ మీద ఇవాళే పెట్టి చూడండి. సైట్‌లో ఎక్కడో లోపలి పేజీ ఒకటి తెరిచి, ఇది ఏ సైటు, ఏ పేజీ, ముఖ్య విభాగాలు ఏవి, ఈ అంచెలో నాకున్న దారులేవి, మొత్తం మీద నేనెక్కడున్నాను, వెతికే పెట్టె ఎక్కడ అని చూడాలి. పేజీ మసగ్గా కనిపించేంత దూరం జరిగి, ఆ ఆరింటి చుట్టూ గబగబా గీతలు గీయాలి. తడుముకోవాల్సి వచ్చిందంటే ఆ మెనూలో తేడా ఉంది. నాలుగో అంచె పేజీల్లో ఎక్కువగా పోయేది "నేనెక్కడున్నాను" అన్నదే.

---

ఐదోమనిషి

పైన చెప్పిన రెండూ సరే. కానీ వచ్చే నెలలో యూజర్లతో మాట్లాడాలి అన్నారు కాబట్టి వరుస మార్చమంటాను. నార్మన్ రెండు నెలలు ఆగినా కొంపేం మునగదు. ఇంటర్వ్యూలు తప్పుగా చేస్తే మాత్రం తప్పుడు జవాబులే ఆధారంగా ఆర్నెల్లు పని చేస్తారు.

ఎరికా హాల్ రాసిన "జస్ట్ ఇనఫ్ రీసెర్చ్" (రెండో ఎడిషన్, 2019) మొదట. ఏ ప్రశ్నకు ఏ పద్ధతి అన్నది తేల్చడానికి ఇంతకంటే పొట్టి పుస్తకం లేదు. ఆ తర్వాత స్టీవ్ పోర్టిగల్ "ఇంటర్వ్యూయింగ్ యూజర్స్". 2013లో వచ్చింది, 2023లో రెండో ఎడిషన్ వేశారు, అదే తీసుకోండి. రాబ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ "ద మామ్ టెస్ట్" నిజానికి వ్యాపారం మొదలుపెట్టేవాళ్ల కోసం రాసింది. అయినా ప్రశ్న ఎలా వేయకూడదో అంత సూటిగా చెప్పింది ఇంకోటి లేదు.

ఒక్క ప్రశ్న దగ్గరే చూపిస్తాను. "ఫారంని మధ్యలో ఆపి తర్వాత పూర్తి చేసే సౌకర్యం ఇస్తే వాడతారా?" అని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది "ఆ, బాగుంటుంది" అంటారు. ఆ జవాబుకు విలువ లేదు. ఊరికే వస్తుందంటే ఎవరు వద్దంటారు? ఇలా అడగండి: "ఇంత పొడుగు ఫారం చివరిసారి ఎప్పుడు నింపారు? ఎక్కడ కూర్చుని? మధ్యలో ఏదైనా కాగితం కోసం లేవాల్సి వచ్చిందా? వచ్చేసరికి స్క్రీన్ ఎలా ఉంది?" మూడోమనిషి కూడా "లేచొచ్చేసరికి మొత్తం చెరిగిపోయింది" అన్నాడంటే, సౌకర్యం పేరెత్తకుండానే మీకు జవాబు దొరికినట్టు. జరిగిపోయినదాని గురించి అడగాలి, జరగబోయేదాన్ని ఊహించమనకూడదు.

తర్వాత టెస్టింగ్, అంటే యూజర్ల చేత వాడించి చూడటం. క్రుగ్‌దే రెండో పుస్తకం "రాకెట్ సర్జరీ మేడ్ ఈజీ". నెలకో పూట, ముగ్గురు మనుషులు, వెంటనే టీముతో కూర్చుని ఏం సరిచేయాలో తేల్చుకోవడం. యూజర్‌కి చదివి వినిపించాల్సిన స్క్రిప్టు కూడా అందులోనే ఉంది, మక్కీకి మక్కీ వాడుకోండి. కొత్తవాళ్లు చెడగొట్టేది టాస్క్ (యూజర్‌ని చేయమని ఇచ్చే పని) రాసే దగ్గర. బొటన్ మీద "ఖాతా తెరవండి" అని ఉంటే టాస్క్‌లోనూ "ఖాతా తెరవండి" అని రాస్తారు. అప్పుడు మనిషి ఆలోచించడు, ఆ మాట కోసం స్క్రీనంతా వెతుకుతాడు, పట్టుకుంటాడు, టెస్ట్ పాసైందని మీరు సంబరపడతారు. స్క్రీన్ మీదున్న మాట టాస్క్‌లో ఉండకూడదు.

ఇంకోటి. "ఐదుగురితో టెస్ట్ చేస్తే 85 శాతం సమస్యలు దొరుకుతాయి" అన్న మాట మీకు ప్రతి పుస్తకంలోనూ తగులుతుంది. అది నీల్సన్, లాండౌయర్ అనే ఇద్దరు పరిశోధకులు 1993లో ఇచ్చిన సూత్రం నుంచి వచ్చింది. ఒక్కో యూజర్‌కి ఒక్కో సమస్య ఎదురయ్యే అవకాశం సగటున 31 శాతం అనుకుంటే వచ్చే లెక్క అది: 0.69ని ఐదుసార్లు గుణిస్తే సుమారు 0.16, ఒకటిలోంచి తీసేస్తే 0.84. ముగ్గురైతే 67 శాతం. కానీ పదిమందిలో ఒక్కరికే తగిలే సమస్య అయితే ఐదుగురితో అది బయటపడే అవకాశం 41 శాతమే. పైగా ఈ లెక్క ఒకే రకం యూజర్లకు, ఒకే రకం పనులకు. మీ ఫారం నింపేది ఇద్దరు వేర్వేరు రకాల మనుషులైతే ఐదుగురు కాదు, రకానికి ఇంతమంది చొప్పున పిలవాలి. ఈ షరతు చెప్పకుండా 85 ఒక్కటే చెప్పే పుస్తకం మీద నాకు నమ్మకం ఉండదు.

---

చిన్నక్షరాలు

పుస్తకంలో సరుకుందో లేదో తేల్చుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది నేను చెప్తాను.

మొదట చివరి పేజీల్లోని పదసూచిక తెరవండి. "ఎర్రర్" అన్న మాట కింద ఎన్ని పేజీలున్నాయి? ఖాళీ స్క్రీన్, నెమ్మది నెట్, తప్పు పాస్‌వర్డ్ లాంటివి అసలు ఉన్నాయా? అన్నీ సవ్యంగా జరిగిన స్క్రీన్‌లే బొమ్మలుగా ఉంటే అది డిజైన్ పుస్తకం కాదు, ఆల్బం. తర్వాత నమూనా అధ్యాయంలో ఏదో ఒక సలహా పట్టుకుని, "ఇది ఎక్కడ పనిచేయదు" అని రచయిత చెప్పారా చూడండి. ఎప్పుడూ, ఎక్కడైనా చెల్లే సలహా అంటే పరీక్షించని సలహా అన్నమాట. మూడోది ముందుమాట: కొత్త ఎడిషన్‌లో ఏం మారిందో అందులో స్పష్టంగా రాయకపోతే అట్ట మాత్రమే మారి ఉండొచ్చు.

పాత పుస్తకాల సంగతి. ఏళ్లు చూడకండి, అందులోని విషయం మనిషి గురించా, పరికరం గురించా అన్నది చూడండి. జేకబ్ నీల్సన్ "యూజబిలిటీ ఇంజనీరింగ్" 1993 నాటిది. అందులో చెప్పిన మూడు హద్దులు ఇప్పటికీ అలాగే నిలిచున్నాయి: 0.1 సెకను లోపు స్పందిస్తే తక్షణం అనిపిస్తుంది, 1 సెకను దాటితే ఆలోచన దారం తెగుతుంది, 10 సెకన్లు దాటితే మనిషి వేరే పనిలోకి వెళ్లిపోతాడు. ప్రాసెసర్లు మారాయి, మెదడు మారలేదు. అదే మొబైల్ స్క్రీన్‌షాట్లతో నిండిన ప్యాటర్న్ పుస్తకమైతే మూడేళ్లకే పాత క్యాలెండరు.

ఇక మనస్తత్వ శాస్త్రం పేరుతో వచ్చే "వంద చిట్కాలు" రకం పుస్తకాల విషయంలో కాస్త జాగ్రత్త. ఎక్కడ చూసినా జామ్ సీసాల కథ ఒకటి ఉంటుంది: 24 రకాలు పెడితే కొన్నవాళ్లు తక్కువ, 6 పెడితే ఎక్కువ, కాబట్టి ఆప్షన్లు తగ్గించండి అని. ఆ అధ్యయనం 2000లో వచ్చింది. 2010లో అలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కేస్తే సగటు ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. ఆప్షన్లు ఎక్కువైతే ఇబ్బంది ఉండదని కాదు, ఎప్పుడు ఉంటుందన్నది పరిస్థితిని బట్టి అని. "మెనూలో ఏడుకు మించి ఉండకూడదు" అన్నదీ అంతే. మనస్తత్వ శాస్త్రవేత్త మిల్లర్ 1956లో రాసింది అప్పటికప్పుడు గుర్తుంచుకోగల వాటి గురించి. మెనూ కళ్లెదురుగానే ఉంటుంది కదా, గుర్తుంచుకోవడం దేనికి? ట్యాబ్‌కీ గారూ, మీ నాలుగు అంచెల మెనూ బహుశా ఈ ఏడు నియమం పెట్టిన చిచ్చే. వెడల్పు తగ్గించబోయి లోతు పెంచేస్తారు.

ఈ అంశం మీద ఒక్కటే చదవాలంటే జెఫ్ జాన్సన్ "డిజైనింగ్ విత్ ద మైండ్ ఇన్ మైండ్", మూడో ఎడిషన్. చూపు, జ్ఞాపకం, శ్రద్ధ ఎలా పనిచేస్తాయో చెప్పి, అక్కణ్నుంచి నియమానికి వస్తుంది. నియమం ఎందుకు పుట్టిందో తెలిస్తే దాన్ని ఎప్పుడు దాటొచ్చో కూడా తెలుస్తుంది.

---

లేబుల్‌పైన

ఫారం గురించి. ల్యూక్ రొబ్లెవ్‌స్కీ "వెబ్ ఫారం డిజైన్" 2008ది, బొమ్మలు పాతబడ్డాయి, లోపలి తర్కం పాతబడలేదు. లేబుల్ ఫీల్డుకి పైన ఉంటే చూపు ఒకే నిట్టనిలువు గీతలో దిగుతుంది, ఎడమ పక్కనుంటే కుడీ ఎడమా ఊగుతుంది. అందుకే తెలిసిన వివరాలు గబగబా నింపే ఫారాల్లో పైన పెట్టమంటారు. ఆగి ఆలోచించి నింపాల్సిన, అలవాటు లేని వివరాలైతే ఎడమ పక్క పెట్టడం మంచిదే కావచ్చు. లేబుల్ని ఫీల్డులో లేత అక్షరాల్లో పెట్టేసి టైప్ చేయగానే మాయం చేయడం మాత్రం ఎక్కడా వద్దు. సగం నింపి తలెత్తి చూస్తే ఏ గడిలో ఏం రాశామో తెలియదు.

కానీ 34 ఫీల్డులంటే లేబుల్ సమస్య కాదండి. క్యారొలైన్ జారెట్, జెరీ గాఫ్నీ కలిసి రాసిన "ఫారమ్స్ దట్ వర్క్" ముందు చదవండి. జారెట్ చెప్పే పద్ధతి ఒకటుంది, దాన్ని "క్వశ్చన్ ప్రోటోకాల్" అంటారు. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో ప్రశ్నకు ఒక్కో వరుస. ఎదురుగా గడులు: ఈ జవాబు ఎవరు వాడతారు, దేనికి, తప్పనిసరా కాదా, ఎవరైనా నోటికొచ్చింది రాస్తే ఏమవుతుంది. డిజైన్ ఫైలు తెరవకముందే ఈ పట్టిక నింపాలి. పుస్తకం కన్నా ఈ పట్టికే మీ ఫారంని ఎక్కువ బాగుచేస్తుంది.

ఎర్రర్ల విషయంలో ఎక్కువమంది చేసే తప్పు: ఈమెయిల్ గడిలో మొదటి అక్షరం కొట్టగానే ఎర్రగా "చెల్లని ఈమెయిల్" అనడం. ఇంకా పూర్తే కాలేదు, చెల్లకపోవడం ఏమిటి? గడి దాటి బయటికొచ్చాక చెప్పాలి. సరిచేస్తున్నప్పుడు మాత్రం జవాబు సరిగ్గా మారిన క్షణంలోనే ఎరుపు పోవాలి. ఫోన్ నంబర్లో ఖాళీలు కొడితే తిట్టకండి, కోడ్‌లో తీసేసుకోండి, ఒక్క లైను పని.

పుస్తకం కాకపోయినా డబ్ల్యూసీఏజీ (వైకల్యం ఉన్నవాళ్లు కూడా వెబ్ వాడగలిగేలా చేసే మార్గదర్శకాలు) పక్కనే తెరిచి ఉంచుకోండి, వెబ్ ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సీ సైట్లో ఉచితం. ప్రస్తుత వెర్షన్ 2.2, 2023 అక్టోబరులో వచ్చింది. మామూలు అక్షరాలకు, వెనకున్న రంగుతో వ్యత్యాసం కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1, నొక్కే చోటు కనీసం 24×24 సీఎస్ఎస్ పిక్సెళ్లు (కొన్ని మినహాయింపులున్నాయి, చదవండి). "ఈ బూడిద రంగు బాలేదు" అనడానికీ "ఇది 2.9 ఉంది, 4.5 కావాలి" అనడానికీ మీటింగులో చాలా తేడా ఉంటుంది.

---

పెన్సిల్‌ముల్లు

మెనూ గురించి నేను సగంలో వదిలేశాను. రోజెన్‌ఫెల్డ్, మోర్విల్ రాసిన పుస్తకాన్ని అందరూ "ధ్రువపు ఎలుగుబంటి పుస్తకం" అంటారు, అట్ట మీది బొమ్మ వల్ల. 1998లో మొదటిది, నాలుగో ఎడిషన్ 2015లో "ఇన్ఫర్మేషన్ ఆర్కిటెక్చర్" పేరుతో, అరాంగో కూడా కలిశారు. వర్గీకరణ, పేర్లు పెట్టడం, నావిగేషన్ అధ్యాయాలు మూడూ మీకు చాలు. దానికి తోడు డొనా స్పెన్సర్ "కార్డ్ సార్టింగ్". ఒక్కో అంశం పేరు ఒక్కో కార్డు మీద రాసి, యూజర్లను తోచినట్టు కుప్పలు వేయమనడమే ఆ పద్ధతి.

కార్డులు 30 నుంచి 50 మధ్య పెట్టుకోండి. వంద పెడితే చివరికొచ్చేసరికి జనం విసుగొచ్చి ఎక్కడో అక్కడ పడేస్తారు. ఒకే మాట పదే పదే రాకుండా చూసుకోండి. "ఖాతా వివరాలు", "ఖాతా భద్రత", "ఖాతా బిల్లులు" అని రాస్తే అర్థం చూడకుండా "ఖాతా" కనబడ్డవన్నీ ఒక కుప్ప వేస్తారు, మీరేమో అదే వాళ్ల ఆలోచనా తీరు అనుకుంటారు. ఆ కుప్పలతో కొత్త మెనూ గీశాక ట్రీ టెస్ట్ చేయండి: రంగుల్లేవు, బొమ్మల్లేవు, పేర్లు మాత్రమే, "ఫలానాది ఎక్కడుంటుంది?" అని అడగడం. కార్డులతో ఆగిపోతే సగం పనే.

"అబౌట్ ఫేస్" (నాలుగో ఎడిషన్, 2014) గురించి ఎవరైనా చెప్తారని చూశాను. ఇటుకంత ఉంటుంది. బల్ల మీద పెట్టుకుని డైలాగ్ బాక్సో, వెతుకులాటో వచ్చినప్పుడు ఆ అధ్యాయం తీసి చూసుకునేది, వరుసగా చదివేది కాదు.

---

ట్యాబ్‌కీ

అందరికీ ధన్యవాదాలు. హాల్, పోర్టిగల్ మొదట, వాటి పక్కనే జారెట్. నార్మన్, క్రుగ్ రెండో నెల. ఎలుగుబంటి మూడో నెల. జాన్సన్ మిగిలిన టైములో.

పుస్తకం రాకముందే పట్టిక మొదలుపెట్టాను. 34లో 9 ప్రశ్నలకు "ఎవరు వాడతారు" గడి ఖాళీగా మిగిలింది. ఎవరినడిగినా తెలియదంటున్నారు. తీసేయొచ్చా?

---

లేబుల్‌పైన

వెంటనే తీసేయకండి. ముందు డేటాబేస్ చూసేవాళ్లను ఆ 9 కాలమ్‌లు ఏ రిపోర్టులోనైనా, ఏ బయటి సిస్టంలోకైనా వెళ్తున్నాయా అని అడగండి. అడిగినవాళ్లకు తెలియకపోవడం వేరు, ఎవరూ వాడకపోవడం వేరు. తర్వాత ఇప్పటిదాకా వచ్చిన జవాబులు ఒక వంద తీసి చూడండి. ఎక్కువ భాగం "aaa", చుక్కలు, 0000 లాంటివే ఉంటే ఆ డేటాతో ఎవరూ ఏమీ చేయలేరని చూపించడానికి అదే సాక్ష్యం. చట్టం ప్రకారం అడగాల్సినవి ఏమైనా ఉన్నాయేమో లీగల్ వాళ్లతో ఒకసారి రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి. ఇవన్నీ దాటినవాటిని ముందు ఐచ్ఛికం చేసి, ఏ టీం నుంచైనా ఫిర్యాదు వస్తుందేమో ఒక నెల చూసి, అప్పుడు తీసేయండి.

---

ఐదోమనిషి

ఆ నెలలో ఐచ్ఛికం చేసిన గడుల్ని ఎంతమంది నింపుతున్నారో కూడా లెక్క పెట్టండి. మళ్లీ ఎవరైనా "అవి తప్పనిసరి చేయండి" అని వచ్చినప్పుడు చూపించడానికి ఉంటుంది.